రెండుకీ పన్నెండుకీ మధ్య ఒక తుమ్ము

ఆ రోజు ప్రుడెన్సియో లుమాయగ్ పెట్టుకున్న పని పెద్దదేమీ కాదు. తొందరగా లేబుళ్ళు అచ్చు వేయించి, మధ్యాహ్నంలోపు హోటల్లో అప్పగించి, ఇంటికొచ్చి అల్లం వేసిన కోడి పులుసు తాగి ముసుగుతన్ని పడుకోవాలి. జలుబు పట్టుకుని రెండు వారాలైంది. ముక్కు రెండు వైపులా మూసుకుపోయి, పొద్దున కాఫీకీ వేన్నీళ్ళకీ తేడా తెలియక ఆయన వేన్నీళ్ళలో చక్కెర కలుపుకుని తాగాడు.

దావావ్‌లో ఆయనది లేబుళ్ళ ప్రెస్సు. వెనిగర్ సీసాలకీ, అరటిపండ్ల పెట్టెలకీ, ఎండు చేపల పొట్లాలకీ లేబుళ్ళు వేస్తాడు. ఆనాటి పని మాత్రం ఎన్నడూ చేయనిది. సోలెదాద్ మాగ్లాసాంగ్ అమ్మే దురియన్ మిఠాయి పెట్టెల మీద అంటించే లేబులు అది. వేలితో రుద్దితే, పనసలా ముళ్ళుండే ఆ దురియన్ పండు వాసన రావాలి. సోలెదాద్ ఆయన పెద్దకూతురికి బాప్తిస్మం నాడు జ్ఞానమాతగా నిలబడింది. అప్పటినుంచి ఆయన ఆమెను "కుమారే" అంటాడు, ఆమె ఆయన్ను "కుంపారే" అంటుంది. మాట వరసకి చుట్టరికమే గానీ, కుమారేకి వియ్యపురాలి హక్కులన్నీ ఉంటాయి.

మనీలాలో ఎన్నో మిఠాయి దుకాణాలున్న మిసెస్ లాక్సమానా సముద్రం ఒడ్డు హోటల్లో దిగింది. అక్కడే సోలెదాద్ ఆమెకు తన సరుకు చూపించాలి. ఆ హోటల్లోకి దురియన్ పండు తేనివ్వరు. ఒక్క పండు కోస్తే మూడంతస్తుల దాకా కంపని వాళ్ళ బాధ.

"పండుని ఆపుతారు. కాగితాన్ని ఎవడాపుతాడు కుంపారే?" అంది సోలెదాద్. "కానీ సన్నగా ఉండాలి సుమా. పక్కవీధిలో ఎవరో పండు కోస్తున్నారా అన్నట్టు. ఆవిడ గానీ ముక్కు మూసుకుందో, నా ముప్ఫై ఏళ్ళ పొయ్యి ఆరిపోయినట్టే."

ఆ సన్నదనమంతా అనిలాక్స్ రోలరు చేతిలో ఉంటుంది. ఉక్కు రోలరుకి పింగాణీ పూత పూసి, దాని మీద లేజర్‌తో తేనెపట్టు లాంటి గుంటలు చెక్కుతారు. అవి కంటికి ఆనవు. రోలరు రంగులో తిరిగినప్పుడు పైన అంటినదంతా బ్లేడు గీకేస్తుంది, గుంటల్లో ఇమిడినంతే ముందుకు పోయి లేబులు మీద పడుతుంది. గుంట ఎంత లోతో పూత అంత మందం. ప్రుడెన్సియో దగ్గరున్న రోలరు అరిగిపోతే, కొత్త గుంటలు చెక్కమని సెబూలోని వర్క్‌షాపుకి పంపాడు. కొలత తనే ఫోన్లో చెప్పాడు. వాళ్ళ లెక్కలో రెండుని దోస్ అంటారు. పన్నెండుని దోసె అంటారు.

"కొలత ఎంత సర్?" అంది అవతలి అమ్మాయి.

"దోస్... ఎహ్‌ఛ్!"

"దోసె. అలాగే సర్. ఒంట్లో జాగ్రత్త."

ఎంత మర్యాదస్థురాలో అనుకుంటూ ప్రుడెన్సియో ముక్కు తుడుచుకున్నాడు.

చెక్కిన రోలరు వచ్చింది, మిషనెక్కింది, ఆ ఉదయం లేబుళ్ళు జరజరా రావడం మొదలైంది. మిషను నడిపే క్రిస్పులా ఒకదాన్ని వెలుతురుకి ఎత్తిపట్టి చూసింది. మూతికి ఎప్పుడూ ఉండే గట్టి మాస్కు ఉంది.

"బాస్, పూత కాస్త దండిగా పడట్లేదూ? నూనె రాసినట్టు నిగనిగలాడుతోంది."

"నిగనిగలాడితే మంచిదేగా. కుమారే మురిసిపోతుంది."

"వాసన?"

"అది కంటికి కనపడని బుడగల్లో ఉంటుందమ్మా. రుద్దితేనే పగులుతాయి." ఆయన ఒక లేబులుని రుద్ది ముక్కు దగ్గర పెట్టుకున్నాడు. ఏమీ తెలియలేదు. మరీ సన్నగా అయిపోయిందేమో, కుమారే తిడుతుందేమో అని దిగులు పడ్డాడు కూడా.

కట్టలు కట్టిన లేబుళ్ళను అట్టపెట్టెల్లో సర్ది, వ్యానులో వేసుకుని తనే బయల్దేరాడు. గొట్టాలు వేయడానికి దారంతా తవ్విపోశారు. వ్యాను ఎగిరి పడిన ప్రతిసారీ లోపల లేబులుని లేబులు రాసుకుంది. వేలు చేయాల్సిన పనిని రోడ్డే చేసేసింది.

సిగ్నల్ దగ్గర మోటార్‌సైకిల్ మీదున్నతను కిటికీ మీద తట్టాడు.

"అన్నా, కిలో ఎంత?"

"ఏది?"

"దురియనే. ఎన్ని పళ్ళేశావేంటి లోపల?"

"పళ్ళు కాదబ్బాయ్, కాగితాలు."

"ఇష్టం లేకపోతే అమ్మనని చెప్పు, అబద్ధాలెందుకు?" అనేసి అతను వెళ్ళిపోయాడు.

హోటల్ గేటు దగ్గర కాపలాదారు వ్యానుకి ఇంకా నాలుగు బారల దూరంలోనే చెయ్యెత్తాడు.

"సర్, పండు ఇక్కడ దించెయ్యండి."

"పండు లేదయ్యా. లేబుళ్ళు."

కాపలాదారు సీట్ల కింద చూశాడు. ఇంజను తెరిచి చూశాడు. స్పేర్ టైరు తిప్పి చూశాడు. చివరికి ప్రుడెన్సియో దగ్గరగా వచ్చి గొంతు తగ్గించి అడిగాడు. "సర్, ఏమనుకోకండి. మీరు గానీ తిన్నారా?"

"మూడు రోజులుగా గంజి తాగుతున్నా!"

పండు తేకూడదన్నారు గానీ వాసన తేకూడదని కాపలాదారుకి ఎవరూ చెప్పలేదు. తల గోక్కుంటూ వదిలేశాడు.

ప్రుడెన్సియో పెట్టెలన్నీ వెనక వైపు దించి, సామాన్ల లిఫ్టు కోసం ఎదురుచూస్తూ గోడకున్న పెద్ద జాలీకి ఆనించాడు. చల్లటి గాలి మిషను ఆ జాలీలోంచే గాలి పీల్చుకుని గది గదికీ పంచుతుంది. లిఫ్టు ఇంకా దిగకముందే నాలుగో అంతస్తు నుంచి ఒకాయన కిందికి ఫోన్ చేశాడు.

"గ్యాస్ కారుతోందండీ!"

ఏడో అంతస్తు నుంచి ఒకావిడ, "మా మంచం కిందే కారుతోంది!" అంది. తొమ్మిదో అంతస్తు ఫోన్ కూడా చేయలేదు, నేరుగా మెట్ల మీద పడింది. గంట మోగింది. సగం గడ్డం గీసుకున్నవాళ్ళూ, తువ్వాళ్ళు చుట్టుకున్నవాళ్ళూ కార్లు నిలిపే స్థలంలోకి పరిగెత్తుకొచ్చారు.

కుమారే సరుకు మంటల్లో పోతే ఎలా అని ప్రుడెన్సియో పెట్టెలు రెండు చంకల్లో ఇరికించుకుని, మిగతావి నెత్తిన పెట్టుకుని, అందరితో పాటే పరిగెత్తాడు.

"అమ్మో, గ్యాస్ బయటికి కూడా వచ్చేసింది!" అని ఎవరో అరిచారు. జనం ఎడమవైపు గోడ దగ్గరికి పరిగెత్తారు. ప్రుడెన్సియో వాళ్ళ వెంటే పోయాడు. "ఇటు కూడా వచ్చింది!" అని జనం కుడివైపుకి తిరిగారు. ఆయన ఎగరొప్పుతూ కుడివైపుకి వచ్చాడు. "ఆగండయ్యా, నన్నొదిలేసి పోతారేంటి!" అని వెనక నుంచి బతిమాలుకున్నాడు కూడా.

ఫైరింజను వచ్చింది. ఆఫీసరు బాల్తజార్ చేతిలో గ్యాస్ కొలిచే పరికరంతో హోటలంతా తిరిగొచ్చాడు. ముల్లు సున్నా దగ్గరే ఉంది. ఆయన ముఖానికున్న మాస్కు తీసి, కళ్ళు మూసుకుని గాలి లోపలికి లాగాడు.

"ఇది గ్యాస్ కాదు. పుయాత్ రకం దురియన్."

"కాదు సార్, అరన్సిలో రకం," అన్నాడు కాపలాదారు. "పుయాత్‌కి ఇంత ఘాటెక్కడిది?"

"నాకు చెబుతావా? మా మావయ్యకి తోటుంది!"

"తోట మీ మావయ్యది సార్. ముక్కు నాది."

సగం గడ్డం ఆయన ఆఫీసరు పక్షం చేరాడు. తువ్వాలు వాళ్ళు రెండు ముఠాలైపోయారు. ఇంతలో ప్రుడెన్సియో జేబులో ఫోన్ మోగింది. క్రిస్పులా.

"బాస్, రోలరు కడుగుతుంటే చూశా. చివర కొలత పన్నెండని చెక్కి ఉంది. మనకి కావాల్సింది రెండు కదా?"

ప్రుడెన్సియోకి తన తుమ్ము తనకే వినిపించింది. పెట్టెలు కింద పడేసి వాటి మీదే కూలబడ్డాడు. కింద ఉన్న లేబుళ్ళు మరోసారి నలిగాయి. వాదించుకుంటున్నవాళ్ళంతా ఒక్కసారిగా ఆయన వైపు తిరిగారు.

సరిగ్గా అప్పుడే సోలెదాద్ మిఠాయి పెట్టెలు మోసుకుంటూ వచ్చింది. జరిగింది విని, వాటిని దించి నడుం మీద చేతులు వేసుకుంది.

"ఆరింతలా కుంపారే? పక్కవీధిలో కోసినట్టుండాలంటే ఊళ్ళో పళ్ళన్నీ నా నెత్తిన కోశావే! ముక్కు పనిచేయకపోతే పోనీ, బుర్రకి కూడా జలుబు చేసిందా? అటు చూడు!"

అందరికీ దూరంగా, చెట్టు నీడలో మిసెస్ లాక్సమానా నిలబడి ఉంది. ముక్కుకి చేతిరుమాలు అడ్డం పెట్టుకుంది. కళ్ళలో నీళ్ళు కూడా ఉన్నాయి.

"అయిపోయింది," అంది సోలెదాద్. ఆమె గొంతులో ఈసారి కోపం లేదు. అది విని ప్రుడెన్సియోకి తిట్లే నయమనిపించింది. లేచి, తడబడుతూ చెట్టు దగ్గరికి నడిచాడు.

"అమ్మగారూ, తప్పంతా నాదే. కుమారేది ఏమీ లేదు. రోలరు చెరిపించి కొత్తగా చెక్కిస్తాను. ఈసారి వాసన తగిలీ తగలనట్టుంటుంది. ఆవిడ మిఠాయి ఒక్కటి రుచి చూడండి చాలు."

మిసెస్ లాక్సమానా చేతిరుమాలు దించింది. అందులో ఒక లేబులు ఉంది. పరుగుల్లో ఎక్కడో జారిపడినది కాబోలు, రుద్దీ రుద్దీ మీద అచ్చంతా చెరిగిపోయింది.

"చెరిపిస్తారా? ఎందుకు?" అంది. "మా ఆయన ఇంట్లోకి దురియన్ రానివ్వడు. పెళ్ళైన దగ్గర్నుంచీ ఈ వాసనకి మొహం వాచి ఉన్నాను. పండుని విమానం ఎక్కించనివ్వరు, హోటల్లో ఉంచనివ్వరు. కాగితమైతే హ్యాండ్‌బ్యాగులో పెట్టుకుంటా, ఎవడడుగుతాడు? నా దుకాణాలన్నిటికీ ఈ పెట్టెలే కావాలి. కానీ వాసన ఇంతే ఉండాలి. పిసరు తగ్గినా నాకొద్దు."

ప్రుడెన్సియో నోరు తెరిచేలోపు సోలెదాద్ మధ్యలోకి వచ్చేసింది.

"తగ్గించడమా? ఎవరన్నారు అమ్మగారూ? ఈ ఘాటు రావడానికి మా కుంపారే రెండు వారాలు నిద్రాహారాలు మానేశాడు. చూడండి, మనిషెలా అయిపోయాడో!"

ప్రుడెన్సియో వినయంగా తుమ్మాడు.

ముల్లు సున్నా దగ్గరే ఉన్నందున కేసేమీ లేదని బాల్తజార్ తేల్చేశాడు. అయితే రకం ఏమిటో తేలేదాకా సాక్ష్యం తన దగ్గరుండాలంటూ సోలెదాద్ తెచ్చిన మిఠాయి పెట్టెలు రెండు ఫైరింజనులో పెట్టించాడు. మర్నాడు ఆమె మనిషిని పంపి అడిగిస్తే, పరిశీలన ఇంకా పూర్తి కాలేదనీ, వీలైతే మరో నాలుగు పెట్టెల సాక్ష్యం పంపమనీ స్టేషన్ నుంచి జవాబు వచ్చింది.