దెరామన్ కారు మోసిన రోజు

శుక్రవారం పొద్దున దెరామన్ తలపెట్టింది చిన్న పని. కారు ఎడమ తలుపు కింద చింతగింజంత తుప్పు బొక్క పడింది. దాని చుట్టూ గీకి, రేకు ముక్క అతికి, లప్పం పూసి, పచ్చరంగు కొట్టాలి. మధ్యాహ్నం నమాజుకు వెళ్ళేలోపు అయిపోవాలి. నమాజయ్యాక పాత ఇనుము కొనే చీనా అతను, పేరు ఆ హెంగ్, లారీ వేసుకుని వస్తాడు. అప్పటికి కారు బాగుపడకపోతే అతని వెంట పంపేస్తానని దెరామన్ భార్య సెలామా తేల్చి చెప్పేసింది.

ఆమె కోపంలో న్యాయముంది. పోయిన పండగనాడు చెల్లెలింటికి పోతుంటే దారిలో నీళ్ళగుంట వచ్చింది. ఆ నీళ్ళు కారు అడుగులోంచి చిమ్మి ఆమె పట్టు సారోంగును నడుం దాకా తడిపాయి. "పడవలో పోయినా పొడిగా దిగేదాన్ని," అంది. ఆ తర్వాత ఆమె ఆ కారెక్కలేదు.

మాది సముద్రపు ఒడ్డు. ఉప్పుగాలికి ఇనుప మేకే నిలవదు, రేకేం నిలుస్తుంది? అయినా తెల్లవాళ్ళ కాలం నాటి ఆ చిన్న కారు ముప్పై ఏళ్ళు నిలిచింది. మా ఊరికి మొదటి కారు అదే. చాలా ఏళ్ళు ఉన్న ఒక్క కారూ అదే.

మంచి ఇనుము తగిలేదాకా గీకాలన్నది తుప్పు పనిలో నియమం. దెరామన్ స్క్రూడ్రైవరుతో గీకాడు. చింతగింజ అరచేయంత అయింది. అరచేయి అన్నం పళ్ళెమంత అయింది. మంచి ఇనుము తగల్లేదు. లోపలి నుంచి ఇసుక రాలింది, చీమలు వచ్చాయి, ఆ వెనక కొబ్బరిపీచు వచ్చింది. ఏదో ఏడాది తనే కుక్కి, పైన లప్పం పూసి మరిచిపోయిన పీచు.

పక్కింటి మామత్ కంచె మీద మోచేతులు ఆనించి చూస్తున్నాడు. పడవలకు వెల్డింగ్ చేసి చేసి ఈమధ్యే పని మానుకున్న మనిషి.

"ఏం బావా, కారు బాగుచేస్తున్నావా, బావి తవ్వుతున్నావా?"

"వెటకారం ఆపి ఇటొచ్చి చూడు."

మామత్ వచ్చి, వేలి కణుపుతో కారు పొడుగునా తట్టుకుంటూ పోయాడు. "ఇక్కడ ఇనుము. ఇక్కడ లప్పం. ఇక్కడ... ఇక్కడేమీ లేదు బావా. రంగుని రంగే పట్టుకునుంది."

"అతుకు నిలుస్తుందా, నిలవదా?"

"అడుగు చూడందే చెప్పలేను. లేపు."

దెరామన్ జాకీ పెట్టి తిప్పాడు. జాకీ లేచింది. కారు లేవలేదు. కాసేపటికి జాకీ తల సీటు పక్కన చాపను తోసుకుంటూ వానాకాలపు పుట్టగొడుగులా పైకొచ్చింది.

వంటింటి కిటికీలోంచి సెలామా అడిగింది. "అయిందా?"

"అవుతోంది!"

"ఆ హెంగ్‌కి టీలో పాలెక్కువుండాలి. ఇప్పుడే కాచిపెడతాన్లే."

ఎనిమిది మంది పట్టుకుంటే కారును కొట్టంలోని కొబ్బరి దుంగల మీదికి ఎక్కించవచ్చన్నాడు మామత్. మనుషుల కోసం బయల్దేరాడు. దారిలో ఊరిపెద్ద పెంగులు జుసో ఎదురయ్యాడు. అసలు చిక్కు అక్కడ పడింది.

మా వైపు ఇళ్ళు కర్రవి, స్తంభాల మీద నిలబడతాయి. ఎవరైనా చోటు మారాలంటే ఊరంతా కలిసి ఇంటిని భుజాల మీద మోసుకుపోతుంది. ఆ మోతకు ఒకరిని పిలిచి ఒకరిని మానేయడమంటే వాళ్ళతో తెగతెంపులు చేసుకోవడమే.

"ఎనిమిది మందా?" అన్నాడు జుసో. "రేపు మిగతా ఇళ్ళ ముందు నుంచి దెరామన్ ఏ మొహంతో నడుస్తాడు?"

"పెంగులు గారూ, అది ఇల్లు కాదు, కారు."

"మోతే కదా?" అని పోయి, ప్రార్థనామందిరం దగ్గర వేలాడే, ఊరిని పిలిచే బోలుదుంగను మూడుసార్లు కొట్టాడు.

అరగంటలో అరవై మంది మగవాళ్ళు గెడకర్రలతో, మోకులతో వచ్చారు. మోత ఉన్నచోట అన్నం ఉంటుంది కాబట్టి ఆడవాళ్ళు కత్తిపీటలతో వచ్చారు. సెలామా వెనకతలుపు తీసేసరికి పాతికమంది పెరట్లో కూర్చుని ఉల్లిపాయలు తరుగుతున్నారు.

"ఏమిటే ఇది?"

"మీ కారు మోస్తున్నారంట అక్కా. పెద్ద డేగిసా ఎక్కడుంది?"

ముందు వాకిట్లో అందరూ కారు చుట్టూ చేరారు. చెయ్యి ఊరికే ఉండక తలా ఒకచోట నిమురుతున్నారు.

"నేను ఈ వెనకసీట్లోనే పుట్టాను," అన్నాడు ఒకడు. "ఆస్పత్రి ఇంకా రెండు మైళ్ళుందనగా."

"నీకంటే ముందు మా చెల్లి పుట్టింది. ఆ సీటు మాది."

"నా పెళ్ళికి ఇందులోనే పోయాను. తలుపు రాక ఎంతకీ దిగలేకపోతే, పిల్లాడికి సిగ్గెక్కువని మెచ్చుకున్నారు మా అత్తవారు."

దెరామన్ చొక్కా చేత్తో బానెట్ తుడిచాడు.

"కింద నుంచి పట్టండి!" అన్నాడు మామత్.

"నాకు మోత నేర్పుతావురా?" అన్నాడు జుసో. "ఇంటికైతే స్తంభాలకు కడతాం. దీనికి స్తంభాలేవీ? కిటికీలున్నాయిగా." గెడకర్రలు ఈ కిటికీలోంచి ఆ కిటికీలోకి దూర్చారు. హ్యాండ్‌బ్రేకు ఏనాడో పోయింది, వాకిలి వాగు వైపు వాలు. అందుకని దెరామన్ లోపల కూర్చుని బ్రేకు తొక్కిపట్టాలని తీర్మానించారు. గెడ ఆయన ముక్కు ముందు నుంచి పోయింది.

జుసో ఒకటి, రెండు, మూడు అన్నాడు. ఇల్లు లేపే బలంతో అరవై మంది కారును లేపారు. చేప అప్పడం విరిగిన చప్పుడయింది.

పైకప్పు, తలుపులు, బానెట్ అన్నీ కలిసి కుండ మీది మూతలా లేచిపోయాయి. కింద నాలుగు చక్రాలు, ఇంజను, సీట్లు మిగిలాయి. స్టీరింగు పట్టుకుని, బ్రేకు తొక్కిపెట్టి, ఆకాశం కింద దెరామన్ మిగిలాడు.

మోసేవాళ్ళకు ముందువాడి మెడ తప్ప ఏమీ కనపడదు. ముందు నడిచే జుసో వెనక్కి చూడడు. కొట్టం వాకిలి అరవై మందికి చాలలేదు. వాళ్ళు దాన్ని దాటి సందులోకి పోయారు.

"పెంగులు గారూ! కారు ఇక్కడే ఉంది!" అని మామత్ అరిచాడు.

"భుజాల మీదుంటే ఇక్కడుందంటాడేంట్రా! ఆగకండి, మోతలో ఆగకూడదు!"

ఆ హెంగ్ ఆ రోజు గంట ముందే బయల్దేరాడు. సందు మలుపులో అతనికి నూట ఇరవై కాళ్ళ మీద ఒక కారు ఎదురొచ్చింది. అతను లారీని వెనక్కి, పెద్దరోడ్డు దాకా తోలుకున్నాడు. వాళ్ళు కారును లారీ ముందు దించాక, అతను నడుచుకుంటూ దెరామన్ వాకిట్లోకి వచ్చాడు. అక్కడ రెండో సగం చూశాడు.

"అక్కా," అన్నాడు సెలామాతో. "నేను తీసుకుపోవాల్సింది రోడ్డు మీదున్నదా, అన్న కూర్చున్నదా?"

సెలామా గరిటెతో మెట్లు దిగింది. దెరామన్ బ్రేకు మీద నుంచి కాలు తీయలేదు.

ఆమె అలవాటుగా చుట్టూ తిరిగి ఎడమపక్కకు వచ్చింది. తలుపు తీయబోయింది. తలుపు లేదు. ఎక్కి కూర్చుంది. వెనక్కి తిరిగి వెనకసీటు చూసింది. ఎండలో అది ఎంతో చిన్నదిగా ఉంది.

"ఎంతమంది పుట్టారు ఇందులో?"

"నలుగురు," అన్నాడు దెరామన్.

"ఐదుగురు. మన పెద్దాణ్ణి ఎప్పుడూ లెక్కలోకి తీసుకోవు."

"వాడు ఇంటిముందుకొచ్చాక పుట్టాడు కదే."

"నేను కారు దిగానా?"

దెరామన్ ఆలోచించాడు. "దిగలేదు."

"మరి?" అని ఆమె ఆ హెంగ్ వైపు తిరిగింది. "అమ్మేది లేదు తమ్ముడూ. కాళ్ళు కడుక్కో, అన్నం తిని పోదువు."

"మరి లారీ తెచ్చానే?"

"ఆ పైముక్కను లారీలో వేసి తీసుకురా. వీళ్ళు మళ్ళీ మోస్తే ఏమీ మిగలదు."

మామత్ అప్పటికే మోకాళ్ళ మీద కూర్చుని చూస్తున్నాడు. "అడుగు చూపించమన్నాను, చూపించారు," అన్నాడు. సుత్తితో తడితే అడుగున ఉన్న దూలం గంటలా మోగింది. "బావా, ఇది మంచి ఇనుము!"

కొత్త రేకులు వేయడానికి అతనికి వానాకాలమంతా పట్టింది. పైభాగం తిరిగి కూర్చోబెట్టడానికి ఎనిమిది మంది చాలన్నాడు. ఆ రోజు నూట పదిమంది వచ్చారు. మొదటి మోతకు పిలవలేదని పక్క ఊరివాళ్ళు అలిగి ఉన్నారట.