పదకొండు పూటల కళింగపట్నం

స్టీలు ప్లాంటు సెక్టర్ 7 క్వార్టర్లో ఆ పొద్దున గురునాథరావు టీ తాగుతూ నాలుగు రోజుల కార్యక్రమం కాగితం మీద రాశాడు. ఆదివారం సాయంత్రం రైలు, సోమవారానికి కళింగపట్నం. పొద్దున్నే పడవలు ఒడ్డుకు చేరడం చూడాలి, సాయంత్రం లైట్‌హౌస్, మర్నాడు వంశధార సముద్రంలో కలిసే చోటు. ఇరవై ఆరేళ్ళ కాపురంలో ప్లాంటు ఇచ్చిన సెలవులన్నీ పెళ్ళిళ్ళకూ పరామర్శలకూ చెల్లిపోయాయి. భార్య ఇందుమతి ఇంతవరకు సముద్రంలో కాలు పెట్టలేదు.

"సముద్రం చూడాల, నాలుగు రోజులు గరిటె ముట్టకూడదు. అంతేనండీ," అంది ఆవిడ. "చుట్టాలిళ్ళకి మాత్రం వద్దు. ఎళ్తే నేను వంటింట్లోనే ఉంటాను."

"ఒట్టు. ఒక్క గడపా తొక్కం."

మాటైతే ఇచ్చాడు గానీ నాలుక ఊరుకుంటుందా? చందువా చేప వేపుడు ఏ హోటల్లో బాగుంటుందని ప్లాంటు పక్కనున్న ఖుర్సీపార్ తెలుగువాళ్ళ వాట్సాప్ గ్రూపులో అడిగాడు. అందులో సగం మంది ఆ తీరం నుంచి వచ్చినవాళ్ళే. హోటల్ పేరు ఒక్కటీ రాలేదు, అదే గ్రూపులో ఉన్న నూకాలమ్మ పిన్ని ఫోన్ వచ్చింది.

"ఏట్రా గురునాథం, మనూరెళ్ళి హోటల్లో తింతావా? మా తమ్ముడు బతికే ఉన్నాడు కదరా! సెప్పీసినాను. సోమవారం భోజనం ఆళ్ళింట్లోనే."

సాయంత్రానికి పన్నెండు పూటల్లో పదకొండు ఎవరెవరి ఇళ్ళకో పోయాయి. మిగిలిన ఒక్క పూట కోసం ఇద్దరు వియ్యంకులు మాటలు మానేశారు. సముద్రానికి మంగళవారం ఒక గంట మిగిలింది. ఇందుమతి కాగితం చూసి, ప్రయాణం సంచీలో గరిటె కూడా సర్దింది. తిట్టినా బాగుండేదని గురునాథరావుకి ఏడుపొచ్చినంత పనైంది.

ఎవరికీ కోపం రాకుండా తప్పించుకుందామని పిన్నికే ఫోన్ చేశాడు. "తబియత్ బాగోలేదు పిన్నీ. డాక్టర్ జావ తప్ప ఏటీ వద్దన్నాడు. ఎవరింటికీ రాలేనని సెప్పీ."

విందు తప్పించుకోవడానికి జబ్బు కల్పించేవాడు తమవాళ్ళలో ఉంటాడని ఆవిడ కలలో కూడా అనుకోలేదు. తమ్ముడికి కాస్త కలిపి చెప్పింది. తమ్ముడు ఊళ్ళో ఇంకాస్త కలిపాడు. శనివారానికి కళింగపట్నం వాళ్ళ మాటల్లో గురునాథరావు నేడో రేపో అన్నట్టున్నాడు.

ఆదివారం ఉదయం తలుపు తీస్తే గుమ్మంలో పదిహేనుమంది. కళింగపట్నంలో విందులు పెట్టాల్సిన ఇళ్ళన్నీ తాళాలేసుకుని రాత్రి రైలుకి వచ్చేశాయి. ముందు నూకాలమ్మ, చేతిలో జావ.

"నాకేం లేదు పిన్నీ, బాగానే ఉన్నాను!"

"ఆకర్లో అందరూ అలాగే అంతార్రా నాయనా," అని ఆవిడ ఘొల్లుమంది. ఆవిడ తమ్ముడు, గురునాథరావు మేనమామ, కాళ్ళు పట్టడం మొదలుపెట్టాడు.

ఇందుమతి పదిహేనుమందికీ టీ పెట్టింది, ఉప్మా చేసింది, అన్నం వార్చింది. సాయంత్రం నాలుగింటికి చేతులు కడుక్కుని, సంచీ భుజాన వేసుకుని బయటికొచ్చింది.

"ఎక్కడికమ్మా?" అన్నాడు మేనమామ.

"కళింగపట్నం, మావయ్యా. ఈయనకి నయమవాలని సముద్రస్నానం మొక్కుకున్నాను. టికెట్టుంది. మీ ఇళ్ళకి తాళాలు కదా, హోటల్లోనే తింతాను, ఏటి సేస్తాం? ఈయన్ని సూసుకోడానికి మీరున్నారు."

అందరూ కళ్ళొత్తుకుని దీవించారు. ఆమె పాదాలు మొదటిసారి తడిసేటప్పుడు పక్కనుండాలని ఎంత ఆశపడ్డాడో గురునాథరావు ఎవరితో చెప్పుకుంటాడు? పిన్ని గ్లాసు నోటికందించింది.

గురువారం ఇందుమతి ఫోన్ చేసింది: మొక్కు తొమ్మిది స్నానాలట, రోజుకి ఒక్కటే చేయాలట.