నలభై ఒకటో స్టేషన్

ఆదివారం ఉదయం ఎనిమిదింటికి గడియారాల మేస్త్రి పెరట్లో బట్టలారేసే తీగ కింద నిలబడి, పెళ్ళాం పరువు ఎలా తీయాలా అని ఆలోచిస్తున్నాడు. ఒక చేతిలో వైర్‌లెస్ సెట్టు, ఇంకో చేతిలో టీ గ్లాసు. టీ చల్లారి మీగడ కట్టింది. ఆయన చూసుకోలేదు.

పదకొండేళ్ళుగా ఆదివారం ఎనిమిదిన్నరకు రేడియోలో హాజరు తీసుకునేది ఆయనే. వైర్‌లెస్‌లో మాట్లాడుకునే సరదా ఉన్న నాలుగు ఊళ్ళ వాళ్ళు, పదకొండు మంది. ఒక్కొక్కళ్ళ కాల్‌సైన్, అంటే లైసెన్సుతో పాటు ఇచ్చే అక్షరాలూ అంకెల పేరు, పిలవడం, వాళ్ళు పలకడం, రాసుకోవడం, అంతే పని. ప్రతి ఊళ్ళోనూ నీళ్ళట్యాంకు మీద ఒక రిపీటర్ ఉంది. సెట్టులో మాట్లాడింది అందుకుని ఇంటర్నెట్ మీదుగా ఒక ‘గది’లోకి పంపుతుంది. గదంటే గోడలుండవు, ఒక అంకె. ఒకే అంకెలో కలిసిన ఊళ్ళు ఒకళ్ళ మాట ఒకళ్ళు వింటాయి. వీళ్ళది తొమ్మిదో గది. రిపీటర్ అందరి సొత్తు కనుక, లైసెన్సు ఉన్నవాళ్ళెవరైనా సెట్టు మీద అంకె నొక్కి దాన్ని వేరే గదికి మార్చవచ్చు.

నెల కిందట ఆయన భార్యకు లైసెన్సు వచ్చింది. చదివించింది ఆయనే. ఆమె కుట్టుమిషను బల్ల మీద సెట్టు బిగించిందీ ఆయనే. తప్పంతా అక్కడే జరిగింది. ఆమె గొంతు వినగానే నాలుగు ఊళ్ళూ లేచి కూర్చున్నాయి. పదకొండేళ్ళుగా ఆయన్ని ‘అన్నా’ అని పిలిచిన లారీ డ్రైవరు ఆమెను ‘అక్కా’ అనడం మొదలుపెట్టి, ఆ లెక్కన ఆయన్ని ‘బావా’ను చేసేశాడు. ఇన్నేళ్ళ అన్నరికం నెల తిరక్కుండా పోయింది.

పోయిన ఆదివారం అందరికీ పెద్దదిక్కైన హెడ్మాస్టరు ఇంకో మాటన్నారు. “వచ్చే వారం హాజరు అమ్మాయి తీసుకుంటుంది. బాగా తీసుకుందా, ఇక ఆ కుర్చీ ఆవిడదే. ఏమంటావు మేస్త్రీ?”

“దానికేం మాస్టారూ, సంతోషం” అన్నాడు మేస్త్రి. ఆ రాత్రి ఆయన అన్నం సగంలో వదిలేశాడు.

ఇప్పుడు ఉపాయం దొరికింది. మొన్న మంగళవారం దుకాణంలో బేరాల్లేక కూర్చుని గదులన్నీ తిప్పి చూశాడు. ఇరవై మూడో గదిలో పురుగు కూడా లేదు. తమ ఊళ్ళో సెట్లున్నది తామిద్దరికే కనుక, ఊరి రిపీటర్‌ని అందులోకి నెడితే సరి. ఆమె పిలుస్తుంది, ఎవరూ పలకరు. పావుగంట గొంతు చించుకుని, “ఏమండీ, నావల్ల కాదు, మీరే చూడండి” అంటుంది. అప్పుడు తను వెళ్ళి చిటికెలో బాగుచేస్తాడు.

ఎనిమిదీ ఇరవైకి అటూ ఇటూ చూసి మీట నొక్కాడు. అంకె నొక్కాడు. పని ముగించి సెట్టు జేబులో పెట్టుకుని చల్లటి టీ ఒక్క గుక్కలో తాగేశాడు.

ఎనిమిదిన్నరకు కుట్టుమిషను గదిలోంచి ఆమె గొంతు వినబడింది. “అందరికీ శుభోదయం. హాజరు మొదలుపెడుతున్నాను. ఎవరున్నారు?”

మేస్త్రి మీసాల్లో నవ్వుకున్నాడు.

“నేనున్నా అక్కా! ఘాట్ దిగుతున్నా, గట్టిగా వినబడుతోంది!” అంది జేబులోని సెట్టు.

మేస్త్రి ఉలిక్కిపడ్డాడు. లారీ డ్రైవరు ఖాళీ గదిలోకి ఎలా వచ్చాడు? వెనకాలే హెడ్మాస్టరు పలికారు. పళ్ళ డాక్టరు పలికాడు. మిగతా మూడు ఊళ్ళూ వరసగా దిగాయి. అంతటితో ఆగలేదు. మంగళవారం ఖాళీగా ఉన్న గది ఆదివారం పొద్దున కిటకిటలాడుతుందని మేస్త్రికి తెలియదు. ఏవేవో దేశాల వాళ్ళు, ఒక దీవిలో లైట్‌హౌసు కాసే ముసలాయనతో సహా, హాజరు వినబడగానే తమ కాల్‌సైన్లూ చెప్పేశారు. భాష రాకపోయినా అక్షరాలూ అంకెలూ అందరికీ వచ్చు. ఆమె తొణక్కుండా ఒక్కొక్కరినీ రాసుకుంది. ఇరవై. ముప్పై. ముప్పై ఎనిమిది.

మేస్త్రి జేబులోంచి సెట్టు తీశాడు. రిపీటర్‌ని తొమ్మిదికి లాగేయాలి. ఒకరు ముగించాక మూడు లెక్కపెట్టేంత ఖాళీ వదలడం రేడియో మర్యాద. ఈ గుంపులో ఆ మర్యాద ఎవరికీ గుర్తులేదు. రెండుసార్లు మీట నొక్కి, ఇంకొకరి మాట మీద పడి, వెనక్కి తగ్గాడు. మూడోసారి సందు దొరికింది కానీ, కంగారులో మీట మీంచి వేలు జారింది.

“మధ్యలో వచ్చిన స్టేషన్ ఎవరు? కాల్‌సైన్ చెప్పండి” అంది ఆమె.

అడిగితే చెప్పకుండా ఉండలేని ప్రాణం. చెప్పేశాడు.

“నలభై ఒకటి, రాసుకున్నాను. మీ వంతు వచ్చేదాకా ఆగండి.”

ఆగాడు. ముందున్న నలభై మందినీ ఆమె వరసగా పలకరించేదాకా, ఇరవై నిమిషాలు ఆగాడు.

“నలభై ఒకటో స్టేషన్, ఎక్కడి నుంచి మాట్లాడుతున్నారు?”

“పెరట్లోంచి” అన్నాడు మేస్త్రి నీరసంగా.

“సిగ్నల్ బాగుంది. ఇంకేమైనా చెబుతారా?”

“ఏం లేదు... మేడమ్.”

హెడ్మాస్టరు గొంతు సవరించుకున్నారు. “నేను చెబుతాను తల్లీ. ఎనిమిదీ ఇరవైకి మేస్త్రి తన కాల్‌సైన్ చెప్పి, ‘రిపీటర్‌ని ఇరవై మూడో గదికి మారుస్తున్నాను’ అని ప్రకటించాడు. పెద్ద సభలో నీ చేత హాజరు తీయించాలని కాబోలు అనుకుని మేమూ మా రిపీటర్లు మార్చుకున్నాం. కుర్చీ దిగేవాడు ఇంత దర్జాగా దిగడం నేను చూడలేదు. ఇక అడగాల్సింది లేదు, కుర్చీ నీదే.”

“బావది వెన్నలాంటి మనసు!” అన్నాడు డ్రైవరు.

మేస్త్రికి అప్పుడు గుర్తొచ్చింది. మీట నొక్కితే ముందు కాల్‌సైన్ చెప్పాలి, చేసే పని చెప్పాలి. ఇరవయ్యేళ్ళుగా ఊపిరితో కలిసిపోయిన అలవాటు. దొంగపనికి వెళుతూ కూడా చెప్పే వెళ్ళాడు.

లోపలికి వెళ్ళేసరికి ఆమె చొక్కాకు కాజాలు కుడుతోంది. బల్ల మీద నలభై ఒక్క పేర్ల కాగితం ఉంది.

“నువ్వు... ఎనిమిదీ ఇరవైకి సెట్టు పెట్టుకునే ఉన్నావా?”

“ఉన్నానండీ.”

“మరి వెనక్కి మార్చలేదేం?”

“మీరంత స్పష్టంగా చెప్పి చేస్తే, నేనెవర్ని మార్చడానికి?” దారం పళ్ళతో తెంపింది. “వచ్చే వారం కూడా మీరే మార్చండి. నాకంటే మీకే బాగా వచ్చు.”

అప్పటినుంచి ప్రతి ఆదివారం ఎనిమిదీ ఇరవైకి గది మార్చేది మేస్త్రే, కాల్‌సైన్ చెప్పి మరీ మారుస్తాడు.