ఇనుము తగలకూడని రాయి

ఆ ఆదివారం మణికుమార్‌కి ఉన్నవి మూడే పనులు. స్నానం, టిఫిను, పదకొండు గంటలకు బెజవాడ స్టేషన్లో, హైదరాబాదు రైలెక్కబోతున్న పరిశోధన గైడు రామ్మూర్తి గారి చేతికి రాయి అందించడం.

అది అల్లాటప్పా రాయి కాదు. రెండువందల యాభై కోట్ల ఏళ్ళ కిందట సముద్రం అడుగున పేరుకున్న ఇనుపరాయి. అందులోని ఇనుములో బరువు పరమాణువులెన్నో, తేలికవెన్నో హైదరాబాదు ల్యాబులో కొలిస్తే ఆనాటి నీళ్ళలో ప్రాణవాయువు ఉందో లేదో తేలుతుంది. అది తేలితే, ఆరేళ్ళుగా నానుతున్న మణికుమార్ డాక్టరేటూ తేలుతుంది. ఈ అవకాశం తప్పితే మళ్ళీ ఏడాది ఆగాలి.

"బయటి ఇనుము సోకకూడదోయ్" అని రామ్మూర్తి గారు ఒక్క మాట అన్నందుకు, అట్లపెనం నుంచి కత్తిపీట దాకా ఇంట్లో ఇనుమంతా అటకెక్కించాడు. రాయిని కడిగి పెరట్లో అరిటాకు మీద ఆరబెట్టి స్నానానికి వెళ్ళాడు.

తిరిగొచ్చేసరికి, పొద్దున్నే కృత్తివెన్ను నుంచి బస్సు దిగిన తల్లి దానమ్మ ఆ రాయి మీద ఉప్పేసి కొరమేనును రుద్దుతోంది.

"అమ్మా! అది నా డాక్టరేటే!"

"కత్తిపీట దాచింది నువ్వేగా? పొలుసు గోళ్ళతో గీకమంటావేంట్రా? అయినా ఎంత గరుగ్గా ఉందో! మా ఊళ్ళో ఇసకే గానీ ఇలాంటి రాయి దొరికి చావదు."

భార్య నాగమల్లేశ్వరి రాయి లాక్కుని చింతపండుతో రుద్దింది. నీచు వాసన పోలేదు.

"నువ్వుండవే, ఇలాగ్గాదు" అంటూ దానమ్మ కోడలి చేతిలోంచి అందుకుని, అటకెక్కకుండా మిగిలిన ఇనప్పీచుతో తళతళా తోమేసింది. అంతలో గోడ దూకొచ్చిన పిల్లి రాయిని నాకడం మొదలెట్టింది.

టైము పదిన్నర. రాయిని సంచిలో పడేసి స్కూటరెక్కాడు. పిల్లి వీధి చివరిదాకా సాగనంపింది.

ప్లాట్‌ఫారం మీద రామ్మూర్తి గారు సంచి విప్పి ముక్కు మూసుకున్నారు. "ఏమిటోయ్ ఇది? ఆ కాలంలో ఇంకా చేపలు పుట్టలేదే!"

మణికుమార్ ఏడుపొక్కటే తక్కువగా జరిగిందంతా చెప్పాడు.

"సరే. కొండ మీంచి దీన్ని దేంతో కొట్టుకొచ్చావు?"

"సుత్తితోనండీ."

"కర్ర సుత్తా?"

మణికుమార్ పట్టాలకేసి చూశాడు.

"అందుకేనయ్యా, ల్యాబువాళ్ళు పైచెక్కంతా కోసి పారేసి లోపలి గింజలే కొలుస్తారు. నేను జాగ్రత్తన్నది ల్యాబులో పొడి చేసేటప్పటి సంగతి. పాపం, మీ అమ్మగారికి కత్తిపీట ఇచ్చెయ్యి."

ఇంటికెళ్ళి ముందా పనే చేశాడు. కొరమేను పులుసు మూడుసార్లు వడ్డించుకుని తిన్నాడు.

మూడు నెలలకు ల్యాబు నుంచి ఉత్తరం వచ్చింది: ఫలితాలు భేషుగ్గా ఉన్నాయి, కోసి పారేసిన పైచెక్కును మాత్రం ఇక్కడి పిల్లి ఎత్తుకుపోయింది.