బుడంకాయ సముద్రప్రవేశము

కుక్కరు కూతలు సద్దుమణిగి, ఉతికిన బట్టలు తీగపై విజయపతాకలవలె రెపరెపలాడుచుండ, ప్రచండభానుడు స్నానాలగది కిటికీనుండి సైతము తొంగిచూచు ఒకానొక శుభాపరాహ్ణమున, ఇరుకైన ముందుగది అను రణరంగమున, గోడకు అంటించిన అట్టకాగితము ఎదుట కొంగు బొడ్డున దోపి, కుంచె ధరించి నిలిచిన ఒక తల్లి గాథ ఇది. ఆలకించువారు ఆలకింతురు గాక. పొయ్యిమీద పాలు పెట్టినవారు కట్టేసి వత్తురు గాక.

ఆమెకు ప్రత్యర్థి ఎవరో కాదు, నాలుగేళ్ళ సొంత కూతురు. పేరు పెట్టి పిలిచినవారు లేరు. ఇంటిల్లిపాదికీ అది బుడంకాయ. దగ్గు ముదిరి ఆ బాలికారత్నము ఛాతీలో పిల్లికూతలు చేరినవి. డాక్టరు ఆవిరిమందు మిషను రాసి, ముక్కూ నోరూ కప్పు మాస్కు తొడిగి పీల్పించమనెను. మిషను బుర్రుమన్నదే తడవుగా బుడంకాయ మంచముకింది దుర్గమున దూరెడిది. మందు సగము నేలపాలు, సగము తల్లి చీరపాలు. ఆ పిల్లికూతలు వినబడినంతసేపు తల్లికి ముద్ద దిగదు. పిల్ల ఆడుకొనుచున్నను పోయి వీపున చెవి ఆనించి వచ్చును.

గత్యంతరము లేక ఆమె ఒక మాయోపాయము పన్నెను. సముద్రం అడుగుకి దిగేవాళ్ళంతా మాస్కు పెట్టుకుంటారని ఊరించెను. బుడంకాయ ఆలోచించి, "మరి సముద్రమేదీ?" అని అడిగెను.

గట్టునుండియైనను సముద్రమును చూచి ఎరుగని ఆ తల్లి, పాత రంగుడబ్బాలు దులిపి, "ఓసి కుంచె, అరిగిన వెంట్రుకల వీరనారీ, ఈ గదిని నీట ముంచిగాని నేడు నిన్ను కడుగను" అని ఘోరప్రతిజ్ఞ చేసెను. బట్టలు మడతపెట్టుచున్న అత్తగారు, "దగ్గుకి బొమ్మల వైద్యం నేనెక్కడా వినలేదమ్మా" అని శంఖము పూరించెను.

ప్రథమ దండయాత్రలో నీలవర్ణము కాగితమంతటను దండెత్తెను. చేపలు బారులు తీరెను. ఎర్రని పీత ఒకటి తల్లికి ప్రాణసమానముగా కుదిరెను. నడుమ మాస్కు ధరించిన పాప, బుడంకాయకు అచ్చుగుద్దినట్లు, బిగించి అల్లిన జడతో నిలిచెను.

బుడంకాయ చేతులు వెనక్కి కట్టుకొని పరిశీలించెను. "ఇది ఆకాశం. చేపలు ఎగురుతున్నాయి."

"నీలంగా ఉందిగా తల్లీ."

"ఆకాశం కూడా నీలమే."

తల్లి బుడగలు ప్రయోగించెను. అవి బెలూన్లని తీర్పు వచ్చెను. నాచు ప్రయోగించెను, అది గడ్డి అయ్యెను. గాలే ఉన్నచోట మాస్కెందుకని న్యాయమైన ప్రశ్న వేసి, ఆ న్యాయాధికారిణి దగ్గుకొనుచు వెడలిపోయెను. ఆ దగ్గు తల్లి గుండెను బాణమువలె తాకెను. ప్రతిజ్ఞాభ్రష్టయై, కుంచె కడుగుటకు ఆమె స్నానాలగదికి నడిచెను.

అచట బుడంకాయ తన బొమ్మను బకెట్టులో ముంచుచుండెను. తడి, జలుబు, ఆయాసము అని తిట్లపరంపర నోటిదాకా వచ్చి ఆగిపోయెను. నీటిలో బొమ్మ జుట్టు కిందికి లేదు. పైకి లేచి, విసనకర్రవలె విచ్చుకొని, మెల్లగా ఊగుచుండెను. అడుగున పడిన ఎర్ర మగ్గు మసకబారి ఉండెను. కిటికీ ఎండ బకెట్టు అడుగున వెలుగు వలయై వణకుచుండెను.

కుంచె కడగకయే ఆ వీరమాత వెనుదిరిగెను. దూరపు చేపలపై పలుచని ఆకుపచ్చనీలము పూసి మసకపరచెను. ప్రాణసమానమైన పీతను, కళ్ళు సగము మూసుకొని, అదే మసకకు బలియిచ్చెను. నాచునంతటిని ఒకే వైపునకు వంచి, ఇసుకపై తెల్లని వెలుగు వలను పరచెను. ఇక మిగిలినది జడ. విప్పితే జలుబు చేయునని కూతురి జుట్టు క్షణమైనను వదలని తల్లికి, బొమ్మలోనైనను విప్పుటకు చేయి రాలేదు. ఎట్టకేలకు జడను నీలమున ముంచి, జుట్టును పైకి విడిచెను.

బుడంకాయ వచ్చి చూచెను. ఒక అడుగు వెనక్కి వేసి, "లోతుగా ఉంది" అనెను. మరియు, "నా జడ కూడా విప్పు."

తల్లి ఒక్క క్షణము తటపటాయించి, విప్పెను. టేబులు ఫ్యానును నేలపై వెల్లకిల పెట్టగా జుట్టు పైకి లేచెను. మాస్కు తానే తొడుగుకొని బుడంకాయ సాగరగర్భమున ఆసీనురాలయ్యెను, మిషను బుర్రుమనెను. అంతలో మడతబట్టలతో అత్తగారు ప్రవేశింపగా, పిల్ల అరచేయి అడ్డముపెట్టి, ముక్కు మూసుకొమ్మని సైగ చేసెను. ఆ వృద్ధ సేనాని బట్టలు చంకన ఇరికించుకొని, ముక్కు మూసుకొని, సముద్రమును అడ్డముగా దాటి వంటింటి తీరము చేరి, అచట పెద్ద ఊపిరి వదిలెను. "మీ అమ్మకి చెప్పు, మధ్యలో ఊపిరి తీసుకోడానికి ఒక దిబ్బన్నా వెయ్యమని" అనుమాట అటునుండి వినవచ్చెను.

తల్లి పోయి పిల్ల వీపున చెవి ఆనించెను. పిల్లుల మందలో ఒక్కటే మిగిలి, అదియు జోగుచుండెను. తానును ఇంతదాక ఊపిరి బిగబట్టి ఉన్నానని ఆమెకు అప్పుడే తెలిసెను.

ఇట్లు మాస్కు కింది చిట్టి కప్పులో చుక్క మందైనను మిగలలేదని దిక్కులు వినుగాక, డాక్టరును వినుగాక. ప్రతిజ్ఞ చెల్లించుకొన్న ఆ తల్లి, అప్పుడు లేచి, కుంచె కడిగెను.