మూడో సర్వీసు

ఆ ఆదివారం పొద్దున నాగేందర్ వేసుకున్న ప్లాను చాలా చిన్నది. పదింటికి ఏసీ మెకానిక్ సునీల్ వస్తాడు. అతనిచేత ఏసీ శుభ్రం చేయించి, ఒక్క రూపాయి కూడా ఇవ్వకుండా పంపించాలి. ఆ తర్వాత తలుపులు మూసుకుని చల్లగా పడుకోవాలి.

ఇందులో అతనికి అన్యాయమేమీ కనిపించలేదు. చౌటుప్పల్ శివారులో ఇల్లు కట్టుకుని ఏసీ పెట్టించుకున్నప్పుడు ఏడాదికి ఒక్క సర్వీసు చాలన్నారు. తీరా చూస్తే ఈ ఎండాకాలం ఉగాదికి ఒకటి, అది జరిగిన నెలకే ఇంకొకటి, మే సగం కాకముందే ఇప్పుడు మూడోది. ప్రతిసారీ ఆరు వందలు. మందుల ఫ్యాక్టరీ ల్యాబులో రోజంతా పరీక్షలు చేసే మనిషి కాబట్టి, ఎక్కడో మోసం జరుగుతోందని నాగేందర్ తేల్చేసుకున్నాడు.

"మొత్తుకునుడెందుకు? ఆరొందలిచ్చి కడిగిచ్చుకోరాదు?" అంది భార్య మల్లిక. ఆమె మండలాఫీసులో కంప్యూటర్ ఆపరేటరు.

"ఇయ్యాల ఇయ్య. వాడే ఏదో చేస్తాండు, మళ్ల మళ్ల ఖరాబు కావాలని."

తల్లి సోమమ్మ గడప దగ్గర కూర్చుని పళ్లు తోముకుంటూ, "ఇయ్యాల గూడ డ్యూటీ లేదా నీకు?" అని అడిగింది. ఆదివారం వస్తే చాలు, ఆమెకు ఎక్కడలేని చిరాకు వచ్చేది. మిగతా రోజుల్లో మాత్రం ఆమెను చూసి నాగేందర్ మురిసిపోయేవాడు. ఇంటి వెనక దొడ్డిలో పదిహేను గొర్రెలను చూసుకుంటూ కూడా, సాయంత్రం తామిద్దరూ వచ్చేసరికి తమ పడకగదిని ఫినాయిల్ వేసి అద్దంలా తుడిచి ఉంచేది. ఏ అత్త చేస్తుంది అంత పని!

సునీల్ వచ్చాడు. స్టూలెక్కి ఏసీ మూత తీసి, లోపలి జాలీని బయటికి లాగాడు. జాలీ మీద నల్లటి బొచ్చు, చిన్న గొంగడి పరిచినట్టు దట్టంగా పట్టి ఉంది. సునీల్ దాన్ని వేళ్లతో నలిపి చూశాడు. వాసన చూశాడు. మనిషి కల్లాకపటం తెలియనివాడు, మనసులో ఉన్నది అడిగేశాడు.

"అన్నా, గిది దుమ్ము గాదు. గీ గదిల గొర్లను గిట్ట కట్టేస్తున్నరా?"

నాగేందర్‌కు చెవుల్లోంచి ఆవిరి వచ్చినంత పనయింది. బడిలో అతన్ని 'గొర్ల నాగి' అనేవారు. కాలేజీలో ఒకడు పక్క బెంచీ నుంచి లేచి దూరంగా వెళ్లి కూర్చున్నాడు. ఇక ఫ్యాక్టరీలో అయితే, తన ఇంటి వెనక గొర్రెల దొడ్డి ఉందన్న సంగతి అతను ఎవరికీ చెప్పనేలేదు. అలాంటిది తన ఇంట్లో, తన స్టూలు మీద నిలబడి, ఒక మెకానిక్ ఆ మాటంటాడా?

"ఏమన్నవు? మేం గొర్లోళ్లమని ఎక్కిరిస్తున్నవా?"

"అట్ల గాదన్నా, బొచ్చు చూసి అడిగిన…"

"దొడ్డి ఎనకనే ఉన్నది, గాలికి వస్తది! గొర్లు కాసెటోళ్లు గొర్లతోనే పంటరనుకున్నవా? దిగు! దిగుతవా లేదా?"

సునీల్ దిగాడు. సామాను సర్దుకుని, కడగని జాలీని అక్కడే పెట్టి వెళ్లిపోయాడు. మల్లిక తల పట్టుకుంది. సోమమ్మ ఎందుకో గబగబా దొడ్డిలోకి జారుకుంది.

అంతటితో ఊరుకుంటే బాగుండేది. నాగేందర్ ఫోను తీసి, గొర్రెల కాపరుల సంఘం గ్రూపులో రెండు నిమిషాల వాయిస్ పెట్టాడు. 'మన వృత్తిని ఇంట్లకొచ్చి అవమానించిండ్రు' అని మొదలుపెట్టి, బడిలో పెట్టిన పేరు దాకా అన్నీ ఏకరువు పెట్టాడు. గంటలోపు నూటయాభై మంది విన్నారు. సాయంత్రానికి సంఘం అధ్యక్షుడు గాలయ్య ఫోను చేశాడు.

"ఫికర్ చెయ్యకు కొడుకా. బుధారం మధ్యాహ్నం మీ ఇంటికే వస్తున్నం. గా మెకానిక్‌ను గూడ పిలిపిస్త. అందరి ముందట మాఫీ అడగాలె. యూట్యూబ్ పోరి సుహాసిని వస్తది, లైవ్ పెడ్తది."

"లైవ్ ఎందుకు కాకా?" అన్నాడు నాగేందర్ నీరసంగా. గాలయ్య అప్పటికే ఫోను పెట్టేశాడు.

ఈలోగా ఏసీ అలాగే ఉంది. నాగేందర్ ఇంకో ముగ్గురు మెకానిక్‌లకు ఫోను చేశాడు. ముగ్గురూ అడ్రసు దాకా మర్యాదగా విని, "ఓ, సునీల్‌ను ఎల్లగొట్టిన ఇల్లా!" అని పెట్టేశారు. ఇక తనే జాలీ కడిగి, లోపల కూడా శుభ్రం చేద్దామని రెండు బకెట్ల నీళ్లు కొట్టాడు. ఏసీ ఆగిపోలేదు కానీ, గాలి సగమై, నీళ్లు గదిలోకి కారడం మొదలైంది. మంచం మీద పడుతున్న ధార కింద బకెట్ పెట్టి, ఆ పక్కన ముడుచుకు పడుకునేసరికి మల్లిక చాప తీసుకుని డాబా మీదికి వెళ్లిపోయింది.

"నీ పరువు నువ్వే చల్లగ కప్పుకొని పండు," అంది మెట్లెక్కుతూ.

బుధవారం నాగేందర్ ఇంట్లో ఎవరికీ చెప్పకుండా సగం రోజు సెలవు పెట్టాడు. ఒంటిగంటకు అతను ఫ్యాక్టరీ నుంచి వచ్చేసరికి గాలయ్య పదిమందితో వీధి మలుపులో దిగి ఉన్నాడు. సుహాసిని ఫోను ఎత్తి పట్టుకుని ఉంది. సునీల్ చేతులు కట్టుకుని అందరికంటే వెనక నిలబడ్డాడు. ఎండ నిప్పులు చెరుగుతోంది. ఇంటి ముందుకు రాగానే అందరూ ఆగారు. గోడకున్న ఏసీ డబ్బా గుర్రుమని తిరుగుతోంది.

"ఇంట్ల ఎవరున్నరు?" అన్నాడు గాలయ్య.

"ఎవ్వరు లేరు. మల్లిక ఆఫీసుల ఉన్నది. అమ్మ దొడ్డిల ఉంటది."

"అయితె దొంగ," అని ఒకాయన కర్ర ఎత్తాడు. సుహాసిని లైవ్ నొక్కింది. పడకగది తలుపు లోపలినుంచి గడియ వేసి ఉంది. నాగేందర్ తలుపు బాదాడు. లోపల ఏదో కింద పడింది. ఎవరో గట్టిగా ష్‌ష్ అన్నారు. దానికి జవాబుగా సన్నగా, స్పష్టంగా వినిపించింది.

"మ్యే…"

సోమమ్మ గడియ తీసింది. మంచం మీద గోనెసంచి పరిచి ఉంది. దాని మీద నాలుగు గొర్రెపిల్లలు ఒకదాని మీద ఒకటి తలలు పెట్టుకుని పడుకున్నాయి. వాటి తల్లుల్లో ఒకటి మల్లిక కొత్త కర్టెను నమలుతోంది. ఇంకొకటి ఏసీ కింది బకెట్లో మూతి పెట్టి చల్లటి నీళ్లు తాగుతోంది.

సుహాసిని ఫోనును మంచం వైపు తిప్పింది. నాగేందర్ సునీల్ వైపు చూడలేక గోడ వైపు చూశాడు.

"ఏందమ్మా గిది?" అన్నాడు చివరికి, ఏడవడానికి ఒక్క అడుగు ఇవతల.

"ఏందంటె ఏం జెప్పాలె? పోయిన ఎండకాలం మూడు పిల్లలు నోర్లు తెరిచి నా ఒళ్లెనే సచ్చిపోయినయి. గప్పుడు నువ్వు గీ గదిలనే దుప్పటి కప్పుకొని పన్నవు. పొద్దంత గది ఊకెనే ఉంటాంది. వీటిని తెచ్చి పండవెట్టిన. తప్పా?"

తప్పేనని చెప్పడానికి నాగేందర్ నోరు తెరిచాడు. గాలయ్య అంతకంటే ముందే అందుకున్నాడు. ఆయన ఫోను వైపు తిరిగి, కండువా సర్దుకుని, "చూడుండ్రి! బిడ్డల్లెక్క గొర్లను సాదుకునే తల్లి! కొడుకేమో మెకానిక్‌ను ఊకెనే తిట్టిండు. మాఫీ అడుగు నాగేందర్," అన్నాడు.

"తప్పయింది సునీల్ తమ్మీ," అన్నాడు నాగేందర్. ఆ మాట లైవ్‌లో చక్కగా వినిపించింది. సాయంత్రం షిఫ్టు మారేలోపు ఫ్యాక్టరీ మొత్తం ఆ వీడియో చూసింది. మేనేజరు ఫోను చేసి, మీ అమ్మ దగ్గర రెండు పొట్టేళ్లు దొరుకుతాయా అని అడిగాడు.

అందరూ వెళ్లాక సునీల్ మూత తీసి చూశాడు. నాగేందర్ కొట్టిన నీళ్లకు లోపలి సర్క్యూట్ కార్డు తడిసింది. నీళ్ల పైపులో బొచ్చు ఉండకట్టింది.

"ఆ రోజే కడగనిస్తె ఆరొందలతోని పోతుండె అన్నా. ఇప్పుడు కార్డు మార్చాలె. ఆరువేలు."

"ఇస్త. ఎప్పుడొస్తవు?"

"పది దినాలైతది. ఇప్పుడే గాలయ్య కాకా, ఇంకో నలుగురు కొత్త ఏసీలు బిగియ్యమన్నరు, గొర్లకు. ఇంట్ల పసిపిల్లలుంటెనే ముందుగాల వస్త. మీకు పిల్లల్లేరు గద?"

నాగేందర్ లేరన్నట్టు తలూపబోయాడు.

"ఎందుకు లేరు?" అంది సోమమ్మ, ఒక పిల్లను ఒళ్లోకి తీసుకుంటూ. "నలుగురున్నరు. అండ్ల ఒకదానికి నెల గూడ నిండలే."

సునీల్ మర్నాడు పొద్దున ఏడింటికే వచ్చి ఏసీ బాగు చేసి వెళ్లాడు. అది ఇప్పుడు బ్రహ్మాండంగా పనిచేస్తోంది. నాగేందర్‌కు మాత్రం సాయంత్రం అయిదు దాకా ఆ గదిలోకి అనుమతి లేదు, ఆదివారాలతో సహా.