మూడు నొక్కితే ఏడు కదిలింది

పన్నెండు గంటల లోపు పద్దెనిమిది పెట్టెల పత్తి గూడ్సును ఒక్కసారైనా వంతెన ఎక్కించి తీరాలని నాగూర్ వలి పొద్దున్నే నిశ్చయించుకున్నాడు. పన్నెండు దాటితే ఏడో నంబరు ఇంజను ఆ ఇంట్లో ఉండదు.

అది వెంకయ్య ఇంజను. ఇద్దరూ గూడ్సు డ్రైవర్లుగా రిటైరై, పెదకాకానిలో వలి మేడ మీద గదిలో రెండు తలుపు చెక్కలు పరిచి బొమ్మ రైలు దారి వేసుకున్నారు. ఇంజన్లు జానెడేసి. పట్టాల్లో కరెంటు పారుతుంటుంది. రిమోటులో నంబరు నొక్కి మీట తిప్పితే ఆ నంబరు ఇంజను కదులుతుంది. మూడు వలిది, ఏడు వెంకయ్యది. బరువు బండి వంతెన ఎక్కాలంటే రెండూ కలిసి లాగాలి. ఇంగ్లీషు పుస్తకం చదివి ఆ రెంటినీ జతకట్టే విద్య వెంకయ్యది, నడపడం వలిది. వెంకయ్య పోయి ఆ రోజుకు సరిగ్గా ఏడాది. అన్నాళ్ళూ వలి ఆ గది తలుపు తీయలేదు. ఆయన ఇంజనును ఇంట్లో ఫొటో ముందు పెట్టుకుంటాం, పన్నెండుకు వస్తామని వెంకయ్య భార్య రాఘవమ్మ కబురు పెట్టాకే తీశాడు.

దుప్పటి తొలగించి ఏడు నొక్కాడు. ఉలుకూ పలుకూ లేదు. పట్టాలు తుడిచాడు, చక్రాలకు నూనె వేశాడు, బిస్మిల్లా అని మళ్ళీ నొక్కాడు. స్టేషన్లో ఇంజను శవంలా నిలబడే ఉంది. గదిలో ఫ్యాను లేకపోయినా వలి మెడ మీద చల్లగా తగిలింది. యజమానితోనే ఇదీ పోయిందనుకున్నాడు.

పదకొండుకే రాఘవమ్మ, కొడుకు కోటేష్ వచ్చేశారు. ఆమె ముఖం పాలిపోయి ఉంది. సంవత్సరీకం అన్నం విస్తట్లో పెట్టి రెండు గంటలైనా పిట్ట ముట్టలేదట. కాకులు గోడ మీద వరసగా కూర్చుని చూస్తున్నాయట, దిగడం లేదట. పోయినవాళ్ళకు తీరని కోరిక ఉంటే పిట్ట ముట్టదు. ఆ కోరికేదో కనిపెట్టి, తీరుస్తామని పైకి మాటిస్తేనే ముడుతుంది. కోటేష్ తనకు తోచిన మాటలన్నీ ఇచ్చి చూశాడట. చివరికి ఇంజను మీద మనసుందేమో, తెచ్చి విస్తరి పక్కన పెడదామని వచ్చారు.

ఏడు చచ్చిపోయిందని చెప్పడానికి వలికి నోరు రాలేదు. సొరంగంలో ఉన్న తన ఇంజనైనా చూపిద్దామని మూడు నొక్కి మీట తిప్పాడు.

ఏడు కదిలింది.

ఎవరూ పిలవకుండా, ఎదురుగా, జానెడు దూరం మెల్లగా పాకి ఆగింది. రాఘవమ్మ కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది.

"ఏం కావాలయ్యా నీకు?" అంది ఇంజనుతో. "చెప్పు, ఇక్కడ అందరం మనవాళ్ళమే."

భయమేస్తే చెయ్యి మీట మీదికి పోవడం వలికి ముప్పై ఏళ్ళ అలవాటు. కోటేష్ ఇంట్లో గేదెను అమ్మనన్నాడు. ఇంజను కదల్లేదు. మిర్చి చేను కౌలుకివ్వనన్నాడు. కదల్లేదు. గొంతు తగ్గించి, "పత్తి చేను ప్లాట్లకు అమ్మను నాన్నా" అన్నాడు. ఆ గొంతు వినేసరికి వలి చెయ్యి మీట మీద బిగిసింది. ఏడు బుర్రున ముందుకొచ్చింది.

టీ తెచ్చిన వలి భార్య జానీబీ అది చూసి, ఈ గది ఖాళీ చేయమని మీ బావకు కాస్త చెప్పండన్నయ్యా అని ఇంజనును వేడుకుంది. వలి చెయ్యి వెనక్కి తిరిగింది, ఇంజనూ వెనక్కే పోయింది. పక్కింటి హుస్సేన్ సాహెబ్ బోరు ఎక్కడ వేస్తే నీళ్ళు పడతాయో అడగడానికి చొక్కా గుండీలు పెట్టుకుంటూ వచ్చాడు. ఇంజను అటూ ఇటూ తిరిగిన గాలికి, పట్టాల పక్క బొమ్మ మిర్చి కళ్ళాల్లో వెంకయ్య ఎప్పుడో చల్లిన నిజం కారం లేచింది. అందరి కళ్ళూ ధారలు కట్టాయి. వెంకయ్య కోసం అంతమంది అంతగా ఏడవడం అదే మొదటిసారి.

ఆ మసక చూపులోనే సొరంగం అవతలి నుంచి మూడు బయటికి రావడం వలి చూశాడు. ఏడు ఆగితే ఆగుతోంది, కదిలితే కదులుతోంది. అప్పుడు గుర్తొచ్చింది వెంకయ్య మాట. "జతకట్టిన ఇంజను సొంత నంబరుకు పలకదు బావా. జత నంబరుకే పలుకుతుంది. కరెంటు తీసినా ఆ జత విడిపోదు." పోయే ముందు రెంటినీ మూడు నంబరు కింద కట్టి పోయాడన్నమాట.

నోరు మూసుకుంటే, బావ అందులో ఉన్నాడన్న భయానికి ఇంజనును ఇక్కడే వదిలేస్తారు. కానీ బావ పేరుతో అతని కొడుకు మెడలు వంచినట్టవుతుంది. వలి రిమోటు తీసుకెళ్ళి కిటికీలో పెట్టి, నడిపింది తనేనని చెప్పేశాడు. ఇక భయం లేదనుకుని జానీబీ ఫోను ఛార్జింగుకు పెట్టుకుంది. రాఘవమ్మను నమ్మించడానికి పావుగంట పట్టింది. కోటేష్ మాత్రం మొదటి మాటకే నమ్మాడు.

"చూపించక్కర్లేదు మావా, నేను ముందే అనుకున్నా," అన్నాడు ఫోను తీస్తూ. చేను కొనే పార్టీని సాయంత్రం రమ్మంటానని తల్లికి చెప్పి, ఏడును ఎత్తడానికి చెయ్యి చాచాడు.

ఇంజను అతని వేళ్ళకు అందకుండా వెనక్కి జరిగింది.

కోటేష్ వలి చేతుల వైపు చూశాడు. రెండూ ఖాళీ. కిటికీ వైపు చూశాడు. రిమోటు పెట్టిన చోటే ఉంది. మళ్ళీ చెయ్యి చాచాడు. ఇంజను మళ్ళీ జరిగింది.

"అమ్మనులే నాన్నా," అన్నాడు ఫోను జేబులో పెట్టేస్తూ. ఇంజను ఆగిపోయింది.

"దాన్ని ఇక్కడే ఉండనీ అన్నయ్యా," అంది రాఘవమ్మ. "ఆయనకు ఇంటికి రావాలని లేదు."

వాళ్ళు మెట్లు దిగాక, తీగల్లో ఏదో లోపముంటుందని వలి స్విచ్చుబోర్డు దగ్గరికెళ్ళాడు. పట్టాల ప్లగ్గు ఊడి కింద వేలాడుతోంది. ఆ కన్నాల్లో జానీబీ సెల్‌ఫోను తను నిజం చెప్పినప్పటి నుంచీ ఛార్జింగవుతోంది.